విష్ణుక్రాంతం చిరునామా

వినాయక చవితి పూజలో 21 రకాల పత్రి ఉంటుంది కదండీ. పుస్తకం చూసి ఒక్కో పేరూ చదువుతాం. ఒక్కో ఆకూ స్వామికి వేస్తాం. మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు... వీటితో ఎవరికీ ఇబ్బంది లేదు. పదకొండోది విష్ణుక్రాంత పత్రం. అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. పత్రి కట్టంతా తిరగేస్తాం. దొరకదు. సరేలెమ్మని ఇంకో రెండు గరికపోచలు వేసి, పేజీ తిప్పేస్తాం.

చవితి ముందురోజు తగరపువలస మార్కెట్లో పత్రి కొనేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. కట్టలో మామిడి కొమ్మ ఉంటుంది. జిల్లేడాకు ఉంటుంది. విష్ణుక్రాంతం ఉందా అని అడిగితే, అన్నీ ఉన్నాయమ్మా తీసుకో అంటారు. పాపం, అమ్మేవాళ్ళ తప్పేం లేదు. కొనేవాళ్ళకీ తెలియదు కదా! అసలు ఆ మొక్క మన మెట్టల మీద ఊరికే పెరుగుతుంది. మేకలు తొక్కుకుంటూ పోతాయి. మనమూ తొక్కుకుంటూనే పోతాం.

ఈ పూట ఆ చిన్న పువ్వును గుర్తుపట్టడం ఎలాగో చెప్తాను. రేడియోలో బొమ్మ చూపించడం కుదరదు. అదీ ఒకందుకు మంచిదే. బొమ్మ చూపిస్తే రంగు ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. ఈ పువ్వు విషయంలో రంగును నమ్ముకున్నవాళ్ళు మోసపోతారు.

ఒక మాట అడుగుతాను. తగరపువలస జంక్షన్లో ఎవరో మిమ్మల్ని ఆపారు. నీలం చొక్కా వేసుకున్న మనిషి ఎక్కడుంటాడండీ అని అడిగారు. మీరేం చెప్తారు? నీలం చొక్కాలు వందమందికి ఉంటాయి. అదే, చిట్టివలస జూట్‌మిల్లు పక్క వీధిలో ఉంటాడు, పొద్దున్నపూటే ఇంట్లో దొరుకుతాడు, కాస్త కుంటుతూ నడుస్తాడు అన్నారనుకోండి. మీరే దగ్గరుండి తీసుకెళ్ళి అప్పజెప్తారు. మొక్కను వెతకడమూ ఇలాగే. ముందు ఎక్కడ అని అడగాలి. తర్వాత ఎప్పుడు అని అడగాలి. ఆ తర్వాత ఆకు చూడాలి. చొక్కా రంగు ఆఖరున చూడాలి. మళ్ళీ చెప్తున్నాను. ఎక్కడ, ఎప్పుడు, ఆకు. ఆ తర్వాతే రంగు.

ముందు ఎక్కడో చూద్దాం.

మన గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయం దాటి, తగరపువలస పక్కనుంచి పోయి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది ఒడ్డున తడి మట్టిలో విష్ణుక్రాంతాన్ని వెతక్కండి. అక్కడ ఉండదు. వరి గట్ల మీద వెతక్కండి. అక్కడా ఉండదు. చిక్కగా నీడపడే సరుగుడు తోటల్లో, మామిడి తోటల్లో కూడా వెతకనక్కర్లేదు. దీనికి నీడ పనికిరాదు. నీరు నిలిచే నేల అసలే పనికిరాదు.

భీమిలి బీచికి వెళ్తే ఇసుక మీద ఒక తీగ పాకుతూ ఉంటుంది. ఆకు మేకగిట్ట ఆకారంలో మధ్యకు చీలి ఉంటుంది. ఊదారంగు పూలు పెద్దవిగా, గరాటు ఆకారంలో పూస్తాయి. అది విష్ణుక్రాంతానికి చుట్టమే. తూటికూర చుట్టమే. మనం ఉడకబెట్టుకు తినే చిలగడదుంప కూడా ఆ ఇంటిదే. కానీ చుట్టాలంతా ఒకే చోట కాపురం ఉండరు. సముద్రపు ఇసుక ఆ తీగది. మడుగు తూటికూరది. మరి విష్ణుక్రాంతానిది?

గరువు నేల. మెట్ట నేల. గులకరాయి కలిసిన ఎర్రటి, గట్టి నేల. పైన ఆకాశం తప్ప మరే నీడా లేని నేల.

భీమిలి పావురాలకొండ ఎక్కినవాళ్ళు ఇలాంటి నేల చూసే ఉంటారు. తొట్లకొండ, బావికొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు చూడ్డానికి వెళ్ళినవాళ్ళూ చూసి ఉంటారు. మన చుట్టూ ఉన్న ఈ కొండల రాయిని ఖొండలైట్ అంటారు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఆ రాయి ఎండకీ వానకీ పుచ్చి, పొడై, తుప్పురంగు మన్నుగా మారుతుంది. కొండవాలు మీద ఆ మన్ను పల్చగా ఉంటుంది. వాన పడితే నీరు నిలవదు, జారిపోతుంది. గడ్డి కూడా పొట్టిగానే పెరుగుతుంది. ఆ పొట్టి గడ్డి మధ్య, కాలిబాట అంచున, మేకలు మేసి వదిలిన జాగాలో చూడండి. పొలంలోకి బాట వేసి వదిలేసిన గట్టి నేల మీద చూడండి. అదీ దీని చిరునామా.

చిత్రమేమిటంటే, ఈ మొక్క మన దగ్గరే కాదు, ఆఫ్రికాలోనూ ఉంది, ఆస్ట్రేలియాలోనూ ఉంది, అమెరికా ఖండాల్లోని వెచ్చటి దేశాల్లోనూ ఉంది. ఎక్కడికి వెళ్ళినా దాదాపు ఇదే రకం నేల ఎంచుకుంటుంది. ఆరుబయలు, పొడినేల, పొట్టి గడ్డి. దేశం మారినా అలవాటు మారలేదు.

భీమిలి దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి కదా, అక్కడ వెతకమంటారా అని అడుగుతారేమో. అక్కడ మొక్కల కోసం దిగకండి. ఆ దిబ్బల్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఆ మన్ను మెత్తన. అడుగు పడ్డ చోటల్లా అంచు రాలిపోతుంది. అక్కడ దూరం నుంచి చూడ్డమే మర్యాద. ఊరి మెట్టలు చాలు మనకి.

ఇక ఎప్పుడో చెప్తాను. దీనికి రెండు లెక్కలున్నాయి. ఒకటి కాలం, రెండోది గంట.

ఎండాకాలంలో వెళ్తే ఈ మొక్క ఎండిన పుల్లల్లా కనిపిస్తుంది, లేదా అసలు కనబడదు. కానీ చచ్చిపోదు. నేలలో చేవగల వేరు ఉంటుంది. తొలకరి పడగానే ఆ వేరు మొదట్నించి సన్నటి కొమ్మలు నాలుగు వైపులా పుట్టుకొస్తాయి. వానాకాలమంతా పూలు పూస్తూనే ఉంటుంది. చలికాలం దాకా కూడా చూడొచ్చు. చవితి నాటికి మంచి పూత మీద ఉంటుందన్నమాట. మన పండగల క్యాలెండరు కట్టినవాళ్ళు మెట్టల మీద బాగానే తిరిగి ఉంటారు!

రెండోది గంట. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. విష్ణుక్రాంతం పొద్దున్న పూసే పువ్వు. ఎండ ముదిరి మధ్యాహ్నమయ్యేసరికి ముడుచుకుంటుంది. ఒక పువ్వు ఆయుష్షు ఒక్క పూటే. మర్నాడు వేరే మొగ్గ విచ్చుకుంటుంది. సాయంత్రం పిల్లల్ని తీసుకుని షికారుగా కొండెక్కి, ఇక్కడేం పువ్వు లేదే అని దిగి వచ్చేస్తే లాభం లేదు. పొద్దున్నే టిఫిన్ కాకముందే వెళ్ళాలి. ఆ వేళకే చిన్న చిన్న తేనెటీగలు కూడా అక్కడికి చేరతాయి. గాలి మండే మెట్ట మీద పువ్వును రోజంతా తెరిచి ఉంచితే నీరు దండగ. పొద్దున్నే పని ముగించుకుని తలుపు వేసుకోవడమే దానికి మేలు.

ఇప్పుడు మూడోది, ఆకు. నేల మీద గొంతుక్కూర్చోండి. నిలబడి చూస్తే ఈ మొక్క కనబడదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టి, ఏం కనబడిందో చెప్పించుకోండి.

కొమ్మలు దారమంత సన్నగా ఉంటాయి. నేలకు ఆనుకుని పాకుతాయి. చివర్లు కాస్త పైకి లేస్తాయి. జానెడు, మూరెడు, అంతే పొడవు. తీగ చుట్టాల్లా ఇది పక్క మొక్కకి చుట్టుకోదు. ఇది ముఖ్యం. చుట్టుకుంటే అది విష్ణుక్రాంతం కాదు. ఆకు చిన్నది. వేలిగోరంత, కాస్త పెద్దదైతే అంగుళం లోపు. కోలగా ఉంటుంది. కొమ్మకి ఒకవైపు ఒకటి, కాస్త పైన అవతలివైపు ఒకటి, అలా మారి మారి వస్తాయి. ఎదురెదురుగా జంటలుగా రావు.

ఇప్పుడు కళ్ళు మూసుకుని ఆ ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకోండి. మెత్తగా, పట్టుగా తగులుతుంది. కొమ్మకీ, ఆకుకీ, మొగ్గని కప్పి ఉంచే పచ్చటి రక్షకపత్రాలకీ సన్నటి నూగు ఉంటుంది. ఏటవాలు ఎండలో చూస్తే ఆ నూగు వెండిరంగులో మెరుస్తుంది. విష్ణుక్రాంతాన్ని చీకట్లో కూడా పట్టుకోవచ్చని నేను అనేది ఈ నూగు ధైర్యంతోనే.

అందరూ ముందు చూసేది నేను ఆఖరికి చెప్తున్నాను. పువ్వు. ఆకు మొదట్లోంచి దారం లాంటి కాడ ఒకటి బయటికి వస్తుంది. ఆ కాడ ఆకు కన్నా పొడవు. దాని కొసన పువ్వు. చొక్కా గుండీ కన్నా చిన్నది, ఒక సెంటీమీటరు కూడా ఉండదు. లేత నీలం. ఐదు భాగాలు కలిసిపోయి, అంచులో చిన్న నొక్కులతో దాదాపు గుండ్రంగా కనిపిస్తుంది. చుట్టాల పువ్వుల్లా గరాటు కాదు. చదునుగా విచ్చుకుంటుంది. ఐదు కేసరాలుంటాయి. ఇంట్లో భూతద్దం ఉంటే పట్టుకెళ్ళండి. పువ్వు మధ్యలో రెండు సన్నటి దారాలు కనిపిస్తాయి. ఒక్కో దారం మళ్ళీ రెండుగా చీలుతుంది. మొత్తం నాలుగు కొసలు. ఈ నాలుగు కొసలు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. పువ్వు రాలాక మిరియం గింజంత గుండ్రటి కాయ మిగులుతుంది. ఎండితే నాలుగు చెక్కలుగా విచ్చుతుంది. లోపల నాలుగు గింజలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

సరే. ఇప్పుడు నీలం చొక్కా వేసుకున్న మిగతావాళ్ళ సంగతి.

వానాకాలంలో పొలం గట్ల మీద వెన్నదేవి అనే కలుపు వస్తుంది. దానివి కూడా చిన్న నీలం పూలే. పొద్దున్నే పూస్తాయి, మధ్యాహ్నానికి వాడిపోతాయి. రంగు సరిపోయింది, గంట సరిపోయింది. కానీ చిరునామా చూడండి. అది చెమ్మ ఉన్న గట్టు. కణుపులు నీరు పట్టి లావుగా ఉంటాయి. పువ్వులో రెండు రేకులే పెద్దవిగా పైకి నిలబడతాయి. అది వెన్నదేవి. విష్ణుక్రాంతం కాదు.

కంచెల మీద అల్లుకునే శంఖుపువ్వు తెలుసు కదా. ఈమధ్య దాని పూలతో నీలిరంగు టీ కూడా చేస్తున్నారు. దాన్నే విష్ణుక్రాంతం అనేవాళ్ళు ఉన్నారు. అది చిక్కుడు జాతికి చెందిన తీగ. పువ్వు పెద్దది. కాయ చిక్కుడు కాయలాగే పొడుగ్గా ఉంటుంది. కంచె ఎక్కి కూర్చున్నదేదీ విష్ణుక్రాంతం కాదని చెప్పుకున్నాం కదా.

ఇంకొకటుంది. నర్సరీల్లో కుండీల్లో పెట్టి అమ్ముతారు. ముదురు నీలం పూలు, మధ్యలో తెల్లటి చుక్క, గుబురుగా పెరిగిన మొక్క. ఇది విష్ణుక్రాంతమేనండీ అని చెప్పి ఇచ్చేవాళ్ళున్నారు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దాయాది. ఇంట్లో అందంగానే ఉంటుంది, పెంచుకోండి. మెట్ట మీది మొక్క మాత్రం అది కాదు. పువ్వు పెద్దది, కాడ పొట్టిది.

మందుల విషయంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. జ్ఞాపకశక్తికి వాడే శంఖపుష్పి పేరు విన్నారు కదా. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో మొక్కను ఆ పేరుతో వాడుతున్నారు. ఒకచోట మన విష్ణుక్రాంతం. ఒకచోట కంచె మీది శంఖుపువ్వు. ఆయుర్వేద ఫార్మకోపియా గుర్తించింది మూడోదాన్ని. అది విష్ణుక్రాంతానికి దగ్గర చుట్టమే కానీ విష్ణుక్రాంతం కాదు. కాబట్టి పూజకు కోసుకోండి, పిల్లలకు చూపించండి. కషాయం కాచే పని మాత్రం వైద్యుణ్ణి అడక్కుండా పెట్టుకోవద్దు.

ఇంత చిన్న మొక్క ఆ మెట్ట మీదే ఎందుకుంటుంది? దీనికి జవాబు కావాలంటే ఒకసారి హిమాలయాల దాకా వెళ్ళి రావాలి.

ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో పూలలోయ అని ఒక లోయ ఉంది. 1982లో దాన్ని జాతీయ పార్కు చేశారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ సుమారు మూడున్నర వేల మీటర్లు దాటాక చెట్లు ఆగిపోతాయి. గడ్డీ, పూలూ మిగులుతాయి. వాటిలో జెన్షియన్ అనే చిన్న నీలం పూలుంటాయి. నేలకు అంటుకుని పూస్తాయి. మబ్బు పడితే ముడుచుకుంటాయి. మన తూర్పు కనుమల్లో ఎంత పెద్ద శిఖరమైనా 1,700 మీటర్లకు మించదు. మన దగ్గర మంచు లేదు. తొట్లకొండ అయితే 130 మీటర్ల లోపే. అలాంటప్పుడు రెండింటికీ పోలికేమిటంటారా?

గాలి. పల్చటి మన్ను. నడినెత్తిన ఎండ. అక్కడ చలిగాలి కోస్తుంది, ఇక్కడ సముద్రం మీంచి ఉప్పుగాలి కొడుతుంది. మీరు కొండ మీద నిలబడితే చీర కొంగు నిలవదు. అదే నేల మీద బోర్లా పడుకుంటే గాలి అంతగా తెలియదు. నేలకు బెత్తెడు ఎత్తులో గాలి జోరు తగ్గిపోతుంది. పొట్టిగా ఉన్న మొక్క ఆ బెత్తెడులోనే బతుకుతుంది. ఒంటి మీది నూగు కూడా అందుకే. ఆకు చుట్టూ కాస్త గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆకులోని తడి తొందరగా ఆరిపోదు. పొడవుగా ఎదిగే కలుపు ఏదైనా ఆ మెట్ట మీదికి వస్తే ఎండకి మాడిపోతుంది, లేదా మేక నోట్లో పడుతుంది. అప్పుడు నీడ పెట్టేవాళ్ళు లేక విష్ణుక్రాంతం హాయిగా ఉంటుంది. అదే మొక్కను తెచ్చి, మంచి ఎరువు వేసి, రోజూ నీళ్ళు పోస్తే? పక్కన గడ్డి ఏపుగా లేచి దాన్ని మింగేస్తుంది. మన ప్రేమ దానికి పడదు.

అందుకే ఒక విషయంలో నాకు కోపం వస్తుంది. ఇలాంటి నేలని మనవాళ్ళు ఖాళీ స్థలం అంటారు. చెట్టు లేదు కాబట్టి ఏమీ లేదని లెక్క. చదును చేసి రాళ్ళు పాతేస్తారు. లేదా పుణ్యానికని గుంటలు తీసి మొక్కలు నాటేస్తారు. ఆ నీడలో ఈ చిన్నవి పోతాయి. ఈ మొక్క ఇప్పుడే అంతరించిపోతోందని నేను అనడం లేదు. ఇది బోలెడంత ఉంది. కానీ మీ ఊరి మెట్ట మీద ఉందో లేదో చూసినవాళ్ళు ఎంతమంది?

పాత వృక్షశాస్త్రజ్ఞులు ఈ చూసే పని శ్రద్ధగా చేశారు. లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు శాస్త్రీయ నామం పెట్టాడు. తీగ చుట్టాల గుంపులో వేశాడు. 1762లో తనే సరిదిద్ది, వేరే ప్రజాతిలోకి మార్చాడు. ఆయనకే ఒక పట్టున తేలలేదన్నమాట. మన వైపు సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు 1781 నుంచి పుష్కరం పాటు ఉన్నాడు. కోరమాండల్ తీరం మొక్కల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. మన చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. మొక్కల తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు.

ఎండబెట్టిన మొక్కల్ని కాగితానికి అంటించి దాచేవాళ్ళకి ఒక నియమం ఉంది. పక్కన ఊరి పేరు, తేదీ, ఎలాంటి నేలో రాసి తీరాలి. అవి రాయకపోతే ఎంత అందంగా అంటించినా ఆ కాగితం శాస్త్రానికి అంతగా పనికిరాదు. ఆరిపోయాక రంగు ఎలాగూ పోతుంది. చిరునామా ఒక్కటే మిగులుతుంది.

మీ పిల్లల చేత ఇది చేయించండి. రెండు రెమ్మలు చాలు. వేరుతో పీకొద్దు. వేరుంటే వచ్చే తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. పాత న్యూస్‌పేపర్ మడతల మధ్య పెట్టి, పైన బరువు పెట్టండి. రోజూ పేపరు మార్చండి. వారం తిరిగేసరికి ఆరుతుంది. ఫోన్లో ఫోటో తీస్తామంటారా, మంచిదే. కానీ పువ్వు ఒక్కదాన్నే దగ్గరగా తీసి పంపకండి. ముందు నేల కనబడేలా దూరం నుంచి ఒకటి తియ్యండి. తర్వాత ఆకులు కనబడేలా ఒకటి. ఆ తర్వాత పక్కన రూపాయి బిళ్ళ పెట్టి పువ్వును తియ్యండి. అప్పుడు వృక్షశాస్త్రం చదివినవాళ్ళు ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు.

ఆఖరుగా ఒక చిక్కుముడి. కొండ మీద మీకు విష్ణుక్రాంతం లాంటిదే కనిపించింది. పువ్వు మాత్రం తెలుపు. ఏం చేస్తారు? ఇళ్ళ మధ్య పచ్చికలో తెల్లపూల చుట్టం ఒకటి ఉంటుంది. అమెరికా ఖండం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. దాని ఆకు గుండ్రంగా, చిన్న నాణెంలా ఉంటుంది. కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ పాకుతుంది. మీకు కనబడింది అదే కావచ్చు. కాకపోనూ వచ్చు. ఎందుకంటే అసలు విష్ణుక్రాంతమే అరుదుగా తెల్లగా పూస్తుంది. కొమ్మను మెల్లిగా పైకెత్తి చూడండి. కణుపుల దగ్గర వేళ్ళు లేవా? ఆకు కోలగా ఉందా? వేళ్ళకి పట్టు నూగు తగిలిందా? నేల గులకమెట్టేనా? అయితే పువ్వు తెల్లనైనా సరే, అది విష్ణుక్రాంతమే. నిశ్చింతగా ఒక రెమ్మ కోసుకోండి.